అటు తిరిగి కూర్చోవడం

నేను డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెబుతాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "అదింకా ఉందాండీ?" అంటారు. ఉందండీ. గవర్నర్‌పేటలో మా కాలేజీ పై అంతస్తులో, సరిగ్గా తిరగని ఫ్యాను కింద, గుప్పెడు మంది పిల్లల ముందు ఇంకా బతికే ఉంది. అందులో ఒక పాఠమంటే నాకు మహా ఇష్టం. మంచీ చెడూ తేల్చుకోవడానికి సూత్రాలూ, కర్తవ్యాలూ, లాభనష్టాలూ మాత్రమే చాలవు, అవతలి మనిషి మీద శ్రద్ధ, వాళ్ళ బాధ మనకి తగలడం, ఇవి కూడా నీతికి పునాదేనని చెప్పే పాఠం అది. "వాళ్ళ స్థానంలో మిమ్మల్ని నిలబెట్టుకుని చూడండి" అని చెయ్యి ఊపుతూ చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్ళు.

పోయినేడు మా అత్తగారికి పక్షవాతం వచ్చాక ఆ వాక్యం చెప్పడం మానేశాను.

ముందు ఆవిడ గురించి చెప్పాలి. మా అత్తగారు నోరున్న మనిషి. భవానీపురంలో మా వీధిలోకి వచ్చే కూరగాయల బండతను మా అపార్ట్‌మెంట్ ముందు కేక వెయ్యడానికి కాస్త ఆలోచించుకునేవాడు. ఏరిన వంకాయని మళ్ళీ ఏరి, పుచ్చు చూపించి, అతన్ని నిలబెట్టి కడిగేసేది. ఇంట్లోనూ అంతే. నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపు ఆ రోజు నేను చేసిన తప్పులన్నీ వరసగా వినిపించేది. నేనూ తక్కువదాన్ని కాదు, తిరిగి అనేదాన్ని. మా ఇద్దరి మధ్యా మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. అలా ఇరవై ఏళ్ళకి పైగా హాయిగానే గడిచిపోయింది.

అలాంటి మనిషికి కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా ఒక్క పూటలో పడిపోయాయి. మనం అనేదంతా అర్థమవుతుంది. తిరిగి అనడానికి మాత్రం "ఊఁ", "వద్దు" అనే రెండు మాటలే మిగిలాయి. ఆసుపత్రిలో మొదట మింగలేకపోయింది. ముక్కులోంచి గొట్టం వేసి దాంట్లో పాలూ, జావా పోశారు. ఆవిడ ఆ గొట్టాన్ని ఎడమ చేత్తో పీకేసింది. మళ్ళీ వేశారు. మళ్ళీ పీకేసింది. చివరికి ఆ చేతిని గుడ్డతో మంచానికి కట్టేశారు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే మా ఆయన చూడలేక బయటికెళ్ళి, కారిడార్లో గోడకేసి తల ఆనించుకుని నిలబడ్డారు. నాకైతే ఆ నర్సు మీదా, డాక్టరు మీదా, దేవుడి మీదా ఒకేసారి కోపం వచ్చింది.

కొన్నాళ్ళకి మింగడం వచ్చింది. గొట్టం తీసేసి ఇంటికి పంపారు. మెత్తగా మెదిపిన అన్నం పెట్టమన్నారు. పొలమారితే ప్రమాదం కాబట్టి తినేటప్పుడు ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పారు. "బరువు బాగా తగ్గారు. వచ్చే చెకప్‌కి ఇంకా తగ్గితే గొట్టం తప్పదండీ" అని కూడా అన్నారు. ఆ మాట ఆవిడ ముందే అన్నారు. ఆవిడ ఎడమ చెయ్యి నా చీర కుచ్చిళ్ళని పట్టుకుంది. కారెక్కేదాకా వదల్లేదు.

ఇహ మాకు ఒకటే పని, ఆవిడ చేత నాలుగు మెతుకులు తినిపించడం. తిననంటుంది. నోరు తెరవదు. చెంచా పెదాల దాకా రాగానే మొహం పక్కకి తిప్పేసుకుంటుంది.

మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపుంది. మధ్యాహ్నం అయ్యేసరికి షాపు వదిలేసి, ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి ట్రాఫిక్‌లో పడి వచ్చి, చేతులకి గ్రీజు మరకలు వదిలేలా కడుక్కుని, ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకునేవారు. "అమ్మా, ఒక్క ముద్ద. ఆఁ అను. నా బంగారం కదూ" అంటూ ఆవిడ నోటితో పాటు తన నోరూ తెరిచేవారు. కంకిపాడు నుంచి మా వదిన, అంటే ఆయన అక్కగారు, వచ్చి వారం పది రోజులుండేది. వదిన ఒక పక్క నిలబడి కళ్ళొత్తుకునేది. నేను ఇంకో పక్క మంచినీళ్ళ గ్లాసుతో. అందరి కళ్ళూ అత్తగారి నోటి మీదే. "మింగిందా? ఆఁ, మింగుతోంది, మింగేసింది!" అని క్రికెట్ కామెంటరీ చెప్పుకునేవాళ్ళం. రెండో చెంచాకి ఆవిడ నోరు మూతపడేది.

నేనూరుకుంటానా? పాఠాలు చెప్పేదాన్నాయె! ఆవిడ స్థానంలో నన్ను నిలబెట్టుకుని చూశాను. నాకే ఇలా అయితే ఏం కావాలి? నోటికి రుచిగా ఉండాలి. మనుషులు చుట్టూ ఉండాలి. నన్ను పక్కన పెట్టేశారన్న దిగులు రాకూడదు. అందుకని ఆవిడకిష్టమైన దోసకాయ పప్పు వండి, మెత్తగా మెదిపి, గరిటెడు నెయ్యి వేశాను. చక్రాల కుర్చీని డైనింగ్ టేబుల్ దగ్గరకి తోసుకొచ్చి, అందరికంటే ముందు ఆవిడ పళ్ళెంలో వడ్డించాను. ఇన్నేళ్ళూ అందరికీ పెట్టి ఆఖర్న తిన్న మనిషి, ఇప్పుడైనా మొదటి పళ్ళెం ఆవిడదే కావాలని నా సిద్ధాంతం. ఆవిడ పళ్ళెం వంక చూసింది. నా వంక చూసింది. "వద్దు" అంది.

అప్పుడు మా వదిన, "తమ్ముడు తినకుండా అమ్మ ఎప్పుడు తింది కనక! వాడు ఆకలితో ఎదురుగా కూర్చుంటే అమ్మకి ముద్ద ఎలా దిగుతుంది?" అంది. నాకు ఒళ్ళు మండింది. పక్షవాతం వచ్చినా కొడుకు తిన్నాకే తినాలా? చాల్లెండి సంబడం! కానీ గొట్టం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సరే, ఆయనకే ముందు పెట్టాం. పాపం, ఆయన ఆకలి లేకపోయినా ఆవిడ ఎదురుగా కూర్చుని పెరుగన్నం దాకా తిన్నారు. తేన్చి చూపించారు కూడా. ఆవిడ అంతా శ్రద్ధగా చూసింది. ఆయన తిన్నందుకు మొహంలో కాస్త తృప్తి కూడా కనిపించింది. తన వంతు వచ్చేసరికి మళ్ళీ పెదాలు బిగించింది.

రోజురోజుకీ ఆవిడ జాకెట్టు వదులవుతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. చెకప్ దగ్గర పడుతోంది. మా వదిన ఊరెళ్ళిపోయింది. మా ఆయన ఇంట్లో నవ్వడం మానేశారు.

ఒక మధ్యాహ్నం ఆయనకి షాపులో పని తెమలక రాలేకపోయారు. ఇంట్లో నేనూ, ఆవిడా. గదిలో మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేసి, పళ్ళెం పెట్టి చెంచా ఎత్తాను. మొహం తిప్పేసింది. నేను అటు వెళితే ఇటు తిప్పింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "తింటే తినండి, లేకపోతే మానెయ్యండి! మళ్ళీ ఆ గొట్టం వేస్తే తెలిసొస్తుంది! నా వల్ల కాదు!" అని అరిచి, చెంచా పళ్ళెంలో పడేసి, తలుపు ధడాల్న వేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. అక్కడ కుండీల మధ్య నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ మీద కోపమూ కాదు, జాలీ కాదు. ఉత్త చేతకానితనం.

కాసేపటికి గుర్తొచ్చింది, పళ్ళెం ముందు ఆవిణ్ణి ఒంటరిగా వదిలేసి వచ్చానని.  పరుగెత్తుకెళ్ళి తలుపు తోశాను.

ఆవిడ నిటారుగా కూర్చునే ఉంది. పళ్ళెంలో సగం అన్నం లేదు. చెంచా పడేసిన చోటే ఉంది. పెదవి చివర పప్పు అంటుకుని ఉంది. నన్ను చూడగానే ఎడమ చెయ్యి చటుక్కున పమిట కిందికి దాచేసింది. తెల్లచీర మీద పసుపు మరక నా కళ్ళముందే పెద్దదవుతోంది.

మా ఇంట్లో ఎడమ చెయ్యంటే ఎలాంటిదో చెప్పాలి. ఎడం చేత్తో ఏదైనా ఇస్తే మా అత్తగారు తీసుకునేది కాదు, అక్కడ పెట్టమనేది. మా అమ్మాయికి పుట్టుకతో ఎడమచేతి వాటం. అది ఎడం చేత్తో అన్నం తినబోతే ఆ చేతి మీద చిన్నగా తట్టి, తట్టి, నెలల తరబడి కనిపెట్టుకుని మాన్పించింది. దాని మీద మా ఇద్దరికీ అయిన గొడవ వీధి వీధంతా విన్నది. ఇప్పుడు అదే మనిషికి దేవుడు ఆ చెయ్యొక్కటే మిగిల్చాడు. నలుగురి ముందూ దాంతో తినలేదు. నలుగురి ముందూ పసిపిల్లలా నోరు తెరిచి తినిపించుకోనూలేదు. మేమేమో ప్రేమకొద్దీ ఆవిడ చుట్టూ గుంపు కట్టాం. ఎడం చేత్తో తినండని ఒక్కరం అనలేదు, ఎందుకంటే మా అందరికీ అది అనకూడని మాట. అంత అవమానం ఎలా చేస్తామనుకున్నాం.

ఆవిడ స్థానంలో నన్ను నిలబెట్టుకున్నాను కదా, అక్కడ నిలబడింది అచ్చంగా నేనే. నా ఆకలి, నా దిగులు, నా సిద్ధాంతాలు. ఆవిడ అక్కడ లేనే లేదు.

పాఠం నాలిక చివరిదాకా వచ్చింది. "దీంట్లో సిగ్గుపడాల్సిందేముంది అత్తయ్యా, ఏ చెయ్యైతే ఏం" అని చెప్పేయాలి. మా ఆయనకి ఫోన్ చేసి "తిన్నారండీ! సొంతంగా తిన్నారు!" అని కేకెయ్యాలి. ఆవిడ నా మొహం చదివేసింది. "వద్దు" అంది. మళ్ళీ, ఇంకా మెల్లగా, "వద్దు" అంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ నన్ను బతిమాలింది అదొక్కసారే.

"అయ్యో, నా మతి మండా! చెంచా విసిరినప్పుడు చీర మీద పప్పు పడింది, చూసుకోనే లేదు" అన్నాను. తడిగుడ్డ తెచ్చి పమిట తుడిచాను. గిన్నెలో నీళ్ళు బల్ల మీద పెట్టి, అల్మారా సర్దుతున్నట్టు అటు తిరిగాను. వెనక నీళ్ళలో చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు వినబడింది. అబద్ధం ఆడొచ్చా లేదా అనేదాని మీద మా సబ్జెక్టులో బోలెడంత రాశారు. నాకప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

అయితే ఒక పక్క ఆవిడ మర్యాద, ఇంకో పక్క ప్రాణం. ఒంటరిగా వదలొద్దన్నారు. ఎదురుగా ఉంటే తినదు. ఆవిడకి మింగడం నేర్పించే థెరపిస్టు అమ్మాయికి ఫోన్ చేశాను. నేను తలుపేసి వెళ్ళిన సంగతి చెప్పగానే "మేడమ్, మీరు చదువుకున్నవాళ్ళయ్యుండి!" అని నన్ను ఉతికి ఆరేసింది. పడ్డాను. తర్వాత తనే ఆలోచించి, నిటారుగా కూర్చోవాలని, గడ్డం కిందికి వంచి మింగాలని, కొంచెం కొంచెంగా వడ్డించాలని చెప్పింది. "చెయ్యి చాపితే అందేంత దూరంలో మీరుండాలి. చూడకపోతే పోనీ, చెవులు మాత్రం అటే ఉండాలి. దగ్గినా, గొంతు తేడాగా వినబడినా ఇంకేం చూసుకోకుండా ఆవిడ వైపు తిరిగెయ్యండి" అంది.

ఈ షరతులన్నీ అత్తగారికి చెప్పాను. ఎడం చెయ్యన్న మాట ఎక్కడా రానివ్వలేదు. "నేనిక్కడే పీట మీద అటు తిరిగి కూర్చుని గోంగూర ఒలుచుకుంటాను. మీ పాటికి మీరు తినండి. దగ్గొస్తే మాత్రం నేను ఆగను, తిరుగుతాను" అన్నాను. పీట వంక చూసింది, నా వంక చూసింది. ఆనక "ఊఁ" అంది.

అలా మొదలైంది మా భోజనాల వ్యవహారం. తలుపు దగ్గరగా వేసి, ఆవిడ కుర్చీకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. మొదట నాకు గోంగూర కాడలు విరిచే చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు. పోనుపోను చెవులు పదునెక్కాయి. పళ్ళెం జరిగిన చప్పుడు, అన్నం కూడదీస్తున్న చప్పుడు, మింగాక వదిలే చిన్న ఊపిరి. నేను గోడతో కబుర్లు చెప్పేదాన్ని. కూరగాయల బండతను మీరు లేరని మహా రెచ్చిపోతున్నాడని, పుచ్చు వంకాయలు అంటగట్టాడని చెప్పినప్పుడు వెనక నుంచి కోపంగా "ఊఁ!" అని వినబడింది. ఎంత సంతోషమేసిందో!

తంటా అల్లా మా ఆయనతో వచ్చింది. పళ్ళెం ఖాళీగా బయటికి వస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది. "ఎలా తినిపిస్తున్నావే? నేనూ వస్తా, నేనూ పెడతా" అన్నారు. వద్దన్నాను. "ఎందుకు వద్దు? కొడుకుని నేను!"

"ఆవిడకి మొహమాటమండీ."

"నా దగ్గరా? నన్ను కని పెంచిన మనిషికి నా దగ్గర మొహమాటమా?"

"మీ దగ్గరే ఎక్కువ."

ఆయనకి చాలా బాధ కలిగింది. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. అసలు సంగతి చెప్పేస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అది నా సంగతి కాదు, ఆవిడది. మధ్యాహ్నాలు షాపులోనే క్యారియర్ తినడం మొదలుపెట్టారు.

ఆ మధ్యలోనే కాలేజీలో ఆ పాఠం మళ్ళీ వచ్చింది. స్థానంలో నిలబడే వాక్యం చెప్పలేదు. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి పాత నోట్సు చూసి వచ్చినట్టుంది, పట్టుకుంది. "మేడమ్, వాళ్ళ ప్లేసులో మనల్ని ఊహించుకోకపోతే వాళ్ళకేం కావాలో ఎలా తెలుస్తుంది?"

"అడగాలి."

"వాళ్ళు చెప్పలేకపోతే?"

"దేనికి వద్దంటున్నారో చూడాలమ్మా. మన ప్రేమని వద్దంటున్నారని అలగకుండా చూడాలి. తప్పు చేశామని తెలిస్తే వెంటనే వెనక్కి తగ్గాలి. మళ్ళీ చూడాలి."

"ఇది ఎగ్జామ్‌లో రాస్తే మార్కులొస్తాయా మేడమ్?" అంది. నేను దిద్దితే వస్తాయన్నాను.

రేపు చెకప్ అనగా, ఆ మధ్యాహ్నం మా ఆయన చెప్పాపెట్టకుండా వచ్చేశారు. మనసు నిలవలేదట. నేను గోడకేసి ఏదో చెబుతున్నాను. వీధి తలుపు చప్పుడు వినిపించనే లేదు. గది తలుపు తెరుచుకుంది.

నేను ఆయన మొహం చూశాను. ఆయన నా తల మీదుగా వాళ్ళమ్మని చూస్తున్నారు. వెనక పళ్ళెం గలగలమంది, చెయ్యి పమిట కిందికి వెళ్ళిపోయిందని చూడకుండానే తెలిసింది. అయిపోయింది, ఇహ మళ్ళీ ముద్ద ముట్టదు, రేపు గొట్టమే అనుకున్నాను.  ఆయన మీద అరవబోయాను.

ఆయన అయ్యో అనలేదు. ఆఁ అనమనలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి. మెల్లగా వచ్చి, నన్ను కొంచెం జరగమన్నట్టు భుజం తట్టి, షాపు చొక్కాతోనే నేల మీద, ఆవిడ కుర్చీకి వీపు ఆనించి, నా పక్కన అటు తిరిగి కూర్చున్నారు. గోంగూర కట్ట ఒకటి ఒళ్ళో వేసుకున్నారు. జన్మలో ఆకు ఒలిచి ఎరగరు, కాడలతో సహా గిన్నెలో వేస్తున్నారు.

"ఇవాళ షాపుకి ఒకాయన వచ్చాడమ్మా" అని గోడతో మొదలుపెట్టారు. "లారీ ఒకటి, బోల్టు ఇంకోదానిది. ఇదే సరిపోతుందని ఒకటే వాదన..."  మధ్యలో ఆగి, ఒక కాడ విరిచి గిన్నెలో పడేసి మళ్ళీ చెప్పారు. వెనక పళ్ళెం కదల్లేదు. బోల్టు కథ అయిపోయింది. ఇంకో కథ ఎత్తుకున్నారు. అది కూడా అయిపోవస్తుండగా పళ్ళెం కదిలిన చప్పుడైంది. మా ఆయన మాట ఆపకుండా నా చెయ్యి పట్టుకున్నారు. మింగిన చప్పుడు. చిన్న ఊపిరి. మళ్ళీ పళ్ళెం.

కాసేపటికి ఆయన భుజం మీదుగా ఒక చెయ్యి ముందుకి వచ్చింది. ఎడమ చెయ్యి.  వేళ్ళ మధ్య పప్పన్నం ముద్ద, సగం ఆయన చొక్కా మీద రాలిపోతోంది. ఆయన వెనక్కి తిరగలేదు. నోరు తెరిచారు.

నోటి నిండా అన్నంతో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, "ఉప్పు తక్కువైందమ్మా" అన్నారు గోడతో. వండింది నేను. వెనక నుంచి "ఊఁ" అని వంత వచ్చింది. ఇద్దరూ ఒకటైపోయారు.

మర్నాడు డాక్టరుగారు బరువు చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. గొట్టం మాట ఎత్తలేదు. "భేష్! ఎవరండీ ఇంత బాగా తినిపిస్తున్నది?" అని మా ఇద్దరి వంకా చూశారు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.  మా అత్తగారు పమిట కింది నుంచి ఎడమ చెయ్యి తీసి, డాక్టరుగారి బల్ల మీద పెట్టింది.